బెజవాడ విడిచి వెళ్ళిన విశ్వవిద్యాలయం



ఈ ప్రత్యేక సంచికకు మన ప్రాంతపు చదువుల చరిత్ర మీద ఏదైనా రాయమని సంపాదకవర్గం వారు అడిగినప్పుడు ముందు కాదన్నాను. నేను చరిత్ర చదివినవాణ్ణి కాను. సహకార శాఖలో 36 ఏళ్ళు సంఘాల లెక్కలు తనిఖీ చేసి 2003లో పదవీ విరమణ చేసినవాణ్ణి. నాకు తెలిసిన విద్య ఒకటే. ప్రారంభపు నిల్వ ఎంత, జమ ఎంత, ఖర్చు ఎంత, ముగింపు నిల్వ ఎంత, దేనికి రసీదు ఉంది, దేనికి లేదు. ఆ పద్ధతిలోనే రాయవచ్చునా అని అడిగితే, "అలాగే రాయండి, మనవాళ్ళకు అదే బాగా అర్థమవుతుంది" అన్నారు.

ఒప్పుకోవడానికి ఇంకో కారణం కూడా ఉంది. మా పెద్దబ్బాయి కూతురు ఏటికి అవతల ఉన్న ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో, అక్కడి బిజినెస్ స్కూల్లో పిహెచ్.డి. చేస్తున్నది. కిందటి వేసవిలో ఒకనాడు పటమటలో మా ఇంటికి వచ్చి, "తాతయ్యా, చినతాతయ్య కొట్టులో పాత అప్పుల పుస్తకాలు ఉన్నాయా? నా రీసెర్చికి కావాలి" అని అడిగింది. ఆ మాట విని నేను కొంతసేపు మాట్లాడలేకపోయాను. ఎందుకో తరువాత చెబుతాను. ముందు లెక్క మొదలుపెడతాను.

ప్రారంభపు నిల్వ

మన ఊరికి విశ్వవిద్యాలయం కొత్త కాదు. ఆంధ్ర విశ్వవిద్యాలయం 1926లో పుట్టింది బెజవాడలోనే. కట్టమంచి రామలింగారెడ్డి గారు మొదటి వైస్ ఛాన్సలరు. కార్యస్థానం ఎక్కడ ఉండాలని ఊళ్ళ మధ్య పెద్ద పోటీ నడిచింది. చివరికి 1930లో విశ్వవిద్యాలయం వాల్తేరుకు తరలిపోయింది. నాలుగేళ్ళపాటు మన ఊళ్ళో ఉండి వెళ్ళిపోయిన చుట్టం అన్నమాట. ఈనాటి పిల్లలకు ఈ సంగతి చెబితే నమ్మరు.

అంతకు ముందు మాత్రం మన కృష్ణా జిల్లా చదువుకు పేదది కాదు. 1843లో రాబర్ట్ నోబుల్ బందరులో పెట్టిన బడి తరువాత నోబుల్ కళాశాల అయింది. 1910లో అదే బందరులో ఆంధ్ర జాతీయ కళాశాల వెలసింది. కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, భోగరాజు పట్టాభి సీతారామయ్య గార్లు దానికి ప్రాణం పోశారు. స్వదేశీ ఉద్యమపు వేడిలో, తెల్లదొరల మీద ఆధారపడకుండా మన పిల్లలకు చదువుతోపాటు చేతిపని కూడా నేర్పాలన్న పట్టుదలతో పెట్టిన సంస్థ అది. ఆ పట్టాభి గారే 1923లో బందరులో ఆంధ్రా బ్యాంకు స్థాపించారు. చెల్లించిన మూలధనం లక్ష రూపాయలు. మనలో ఎంతోమంది పెన్షను తీసుకొన్న ఆ బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

ఈ రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. కళాశాల పెట్టిన చెయ్యే బ్యాంకూ పెట్టింది. మన డెల్టాలో చదువు వేరు, వ్యాపారం వేరు అని ఆనాటి పెద్దలు అనుకోలేదు. 1850లలో ఆనకట్ట వచ్చి కాలవలు పారిన తరువాత వడ్లు మిగిలాయి. మిగిలిన వడ్లు డబ్బు అయినాయి. ఆ డబ్బు మిల్లులు, లారీలు, సినిమాహాళ్ళు అయింది. ఇంకొంత బళ్ళు, వసతి గృహాలు అయింది. ఇవన్నీ నడిపినవాళ్ళలో చాలామందికి మేనేజ్‌మెంటు అనే మాట తెలియదు. చిట్టా, ఆవర్జా, మాట మీద నిలబడడం, ఈ మూడే తెలుసు.

కాని పై చదువుకు మాత్రం ఊరు దాటవలసిందే. 1937లో ఎస్.ఆర్.ఆర్. అండ్ సి.వి.ఆర్. కళాశాల, 1950లలో లయోలా కళాశాల వచ్చినా అవి డిగ్రీల వరకే. వ్యాపార నిర్వహణలో పట్టా కావాలంటే వాల్తేరు వెళ్ళాలి. అక్కడ 1957లో ఎం.బి.ఎ. మొదలుపెట్టారు. పూర్తికాలపు ఎం.బి.ఎ.కు దేశంలోనే అది తొలి ప్రయత్నాలలో ఒకటి. మన తెలుగువాళ్ళు గర్వంగా చెప్పుకోదగిన విషయం ఇది. అహమ్మదాబాదు, కలకత్తా ఐ.ఐ.ఎం.లు వచ్చింది 1961లో.

మనకు దగ్గరలో విశ్వవిద్యాలయం అన్నది మళ్ళీ 1976లో నాగార్జున విశ్వవిద్యాలయంతోనే వచ్చింది. 1967 నుంచి గుంటూరులో ఆంధ్ర విశ్వవిద్యాలయపు పి.జి. కేంద్రంగా ఉన్నదే అలా పెరిగింది. ఇది ప్రభుత్వ విశ్వవిద్యాలయం. నేను చెప్పబోయేది ప్రైవేటు కథ.

జమలు

1975లో విజయవాడలో సిద్ధార్థ అకాడమీ ఏర్పడింది. సుమారు 250 మంది దాతలు కలిసి పెట్టుకొన్న సంస్థ. మనకు సహకార సంఘం అంటే తెలుసు గనుక చెబుతున్నాను, ఒక్క జమీందారు ఇచ్చిన దానం కాదు, వాటాదార్ల వంటి పద్ధతి. అదే ఏడు మొగల్రాజపురంలో పి.బి. సిద్ధార్థ కళాశాల వచ్చింది. పి.బి. అంటే పర్వతనేని బ్రహ్మయ్య గారు, పేరుమోసిన ఆడిటరు. ఒక ఆడిటరు పేరున కళాశాల ఉండడం చూసి మా శాఖలో మేమంతా కాలరు ఎగరేసుకొన్నాము.

1977లో అదే అకాడమీ వారు మన పటమటకు ఆనుకొని ఉన్న కానూరులో వి.ఆర్. సిద్ధార్థ ఇంజనీరింగు కళాశాల పెట్టారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు రంగంలో మొదటి ఇంజనీరింగు కళాశాల అదే. వి.ఆర్. అంటే వెలగపూడి రామకృష్ణ గారు, ఐ.సి.ఎస్. అధికారిగా పనిచేసి, ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ నడిపిన కె.సి.పి. సంస్థను నిర్మించినవారు. చెరుకు తీపి ఇంజనీర్లను తయారు చేసిందని మా ఆఫీసులో ఒక పెద్దాయన అంటుండేవారు. అప్పట్లో పటమట ఇంకా పంచాయతీయే. బందరు రోడ్డు మీద పొద్దున్నే సైకిళ్ళ వెనుక టి-స్క్వేర్లు కట్టుకొని కానూరు వైపు పోయే కుర్రవాళ్ళను చూడడం మాకు కొత్త.

1980లో ఏటి అవతల, తాడేపల్లి పక్కన వడ్డేశ్వరంలో, కోనేరు లక్ష్మయ్య ఛారిటీస్ వారు కె.ఎల్. ఇంజనీరింగు కళాశాల మొదలుపెట్టారు. అదే ఏడు సిద్ధార్థ అకాడమీ వారి వైద్య కళాశాల కూడా వచ్చింది. దానిని తరువాత ప్రభుత్వం తీసుకొన్నది.

ఇంత గబగబా ఎందుకు వచ్చాయి? అవసరం ఉంది, డబ్బు ఉంది, ప్రభుత్వం దగ్గర సీట్లు లేవు. 1972-73 జై ఆంధ్ర ఉద్యమంలో చదువులు దెబ్బతిన్న ఇళ్ళు మన జిల్లాలో ఎన్నో. స్తోమత ఉన్నవాళ్ళు పిల్లల్ని కర్ణాటకకు పంపి డొనేషన్లు కట్టి చదివించేవారు. మన డబ్బు తుంగభద్ర దాటి పోతున్నదని, ఆ చదువేదో ఇక్కడే పెట్టుకొందామని పెద్దలు అనుకొన్నారు. ఆ అనుకోవడం సబబే.

రసీదు లేని పద్దు

ఇక్కడ నా సొంత పద్దు ఒకటి రాయాలి. 45 ఏళ్ళుగా ఎవరికీ చెప్పలేదు.

మా తమ్ముడు నాకంటే 17 ఏళ్ళు చిన్న. నాన్నగారు పోయాక నేనే పెంచాను. 1980లో ఇంటర్ మంచి మార్కులతో ప్యాసయ్యాడు. ఇంజనీరింగు తప్ప వేరే మాట లేదు వాడికి. ఇక్కడ సీటు రాలేదు. పొరుగు రాష్ట్రంలోని ఒక కళాశాల తరఫున మధ్యవర్తి ఒకాయన గవర్నరుపేటలో లాడ్జిలో దిగాడని తెలిసి ఇద్దరం వెళ్ళాము. ఆయన అడిగిన మొత్తం నా రెండున్నరేళ్ళ జీతం. ఊళ్ళో ఉన్న అర ఎకరం అమ్మితే సరిపోతుంది. కొనేవాడు కూడా సిద్ధంగా ఉన్నాడు.

నేను అడిగింది ఒక్కటే. "దీనికి రసీదు ఇస్తారా?"

ఆయన నవ్వాడు. "మాస్టారూ, ఈ డబ్బుకు రసీదు ఉండదు. సీటే రసీదు" అన్నాడు.

పన్నెండేళ్ళుగా నేను ఊరూరా తిరిగి, రసీదు లేని ప్రతి రూపాయినీ అభ్యంతరాల కింద రాసినవాణ్ణి. సంఘం కార్యదర్శులు కళ్ళనీళ్ళు పెట్టుకొన్నా వదలలేదు. అటువంటివాణ్ణి రసీదు లేకుండా అర ఎకరం ఎలా ఇస్తాను? లేచి వచ్చేశాను. మెట్లు దిగుతుంటే మా తమ్ముడు ఒక్క మాట అన్నాడు. "అన్నయ్యా, నీ లెక్క సరిపోయింది, నా చదువు పోయింది." అంతే. తరువాత ఏనాడూ ఆ ఊసు ఎత్తలేదు. బి.కాం. చదివాడు. ఆటోనగర్‌లో ఒక స్పేరుపార్టుల కొట్టులో లెక్కలు రాశాడు. 1986లో సొంత కొట్టు పెట్టుకొన్నాడు. బాగానే నిలదొక్కుకొన్నాడు. కాని ఇంటికి వచ్చిన ఇంజనీరు అల్లుళ్ళతో మాట్లాడేటప్పుడు వాడి గొంతు కొద్దిగా మారడం నేను గమనిస్తూనే ఉన్నాను.

నేను చేసింది తప్పా, ఒప్పా? ఈ వ్యాసం రాస్తున్న ఈ రోజుకు కూడా నాకు తేలలేదు.

చట్టాల వరుస

నాబోటివాళ్ళ ఇళ్ళల్లో ఇలాంటి పద్దులు పెరిగిపోయినందుకే 1983లో మన రాష్ట్రంలో కాపిటేషన్ ఫీజును నిషేధిస్తూ చట్టం వచ్చింది. ప్రవేశాలకు ఉమ్మడి పరీక్ష పద్ధతికి కూడా ఆ చట్టమే దారి వేసింది. మా తమ్ముడికి మూడేళ్ళు ఆలస్యం. 1993లో సుప్రీంకోర్టు ఉన్నికృష్ణన్ కేసులో, అందులో ప్రతివాది మన ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమే, ప్రైవేటు వృత్తి విద్యా కళాశాలల్లో సగం ఫ్రీ సీట్లు, సగం పేమెంటు సీట్లు అనే పద్ధతి పెట్టింది. 2002లో టి.ఎం.ఎ. పాయ్ కేసులో 11 మంది న్యాయమూర్తుల ధర్మాసనం ఆ పద్ధతిని మార్చింది. ప్రైవేటు సంస్థలకు ఫీజు నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఉంటుందని, అయితే చదువు పేరుతో లాభాపేక్ష, కాపిటేషను కూడదని చెప్పింది. వాస్తవంలో ఈ రెంటి మధ్య గీత ఎక్కడ గీయాలన్నది ఈనాటికీ తగవే.

కళాశాల విశ్వవిద్యాలయం అయ్యే దారులు రెండు. ఒకటి, 1956 యు.జి.సి. చట్టం 3వ సెక్షను కింద "విశ్వవిద్యాలయంగా పరిగణింపబడే సంస్థ" హోదా. మనం డీమ్డ్ అంటాము. బెంగుళూరులో టాటా గారి సంకల్పంతో 1909లో మొదలైన సైన్సు ఇన్‌స్టిట్యూటుకు ఈ హోదా 1958లోనే వచ్చింది. రెండో దారి రాష్ట్ర శాసనసభ చేసే చట్టం.

వడ్డేశ్వరం కళాశాల మొదటి దారిలో నడిచింది. 2006లో స్వయంప్రతిపత్తి, 2009లో డీమ్డ్ హోదా పొందింది. ఈనాడు కె.ఎల్. విశ్వవిద్యాలయం అని మనం పిలుస్తున్నది అదే. రాష్ట్ర విభజన తరువాత, 2016లో ఆంధ్రప్రదేశ్ ప్రైవేటు విశ్వవిద్యాలయాల చట్టం వచ్చింది. దాని కింద 2017లో అమరావతి ప్రాంతంలో రెండు తెరుచుకొన్నాయి. నీరుకొండలో ఎస్.ఆర్.ఎం., ఐనవోలులో వి.ఐ.టి. రెండూ తమిళనాడులో పేరు తెచ్చుకొన్న సంస్థల శాఖలే. మన పక్క కానూరు కళాశాల కూడా ఈ దశాబ్దంలోనే డీమ్డ్ హోదా పొందింది. 1930లో వాల్తేరు రైలెక్కిన విశ్వవిద్యాలయం, ఒకటి కాదు నాలుగై, ఏటికి ఈవలా ఆవలా తిరిగి వచ్చింది. అయితే ఈసారి ప్రభుత్వ ఖజానా నుంచి కాక, ఫీజుల మీద నడుస్తూ వచ్చింది.

పరిశోధన అంటే ఏమిటి?

మన రోజుల్లో విశ్వవిద్యాలయం పని పరీక్షలు పెట్టడం, పట్టాలు ఇవ్వడం. ఇప్పుడు ప్రతి విశ్వవిద్యాలయమూ "రీసెర్చి యూనివర్సిటీ" అనిపించుకోవాలని చూస్తున్నది. ఈ ఆలోచనకు మూలం 1810లో బెర్లినులో మొదలైన విశ్వవిద్యాలయం. ఉన్న జ్ఞానాన్ని అప్పజెప్పడం ఒక్కటే కాదు, గురువూ శిష్యుడూ కలిసి కొత్త సంగతులు వెదకాలి అన్నది అక్కడి సూత్రం. దానిని అమెరికాకు తెచ్చినవారిలో మొదటిది జాన్స్ హాప్కిన్స్ విశ్వవిద్యాలయం, 1876. ఆ హాప్కిన్స్ ఎవరనుకొన్నారు? బాల్టిమోరు ఊళ్ళో టోకు కిరాణా వర్తకుడు. రైల్వే వాటాలతో సంపాదించిన 70 లక్షల డాలర్లను విశ్వవిద్యాలయానికి, ఆసుపత్రికి రాసి పోయాడు. అంటే వర్తకుడి డబ్బుతో పరిశోధన అన్నది మనం కనిపెట్టిన వింత కాదు.

బిజినెస్ స్కూలు కథ కూడా ఇలాంటిదే. 1881లో జోసెఫ్ వార్టన్ అనే పారిశ్రామికుడు లక్ష డాలర్లు ఇచ్చి ఫిలడెల్ఫియాలో విశ్వవిద్యాలయ స్థాయిలో మొదటి దానిని పెట్టించాడు. 1908లో హార్వర్డ్ వచ్చింది. కాని చాలాకాలం అవి గుమాస్తాగిరీ కాస్త పెద్ద ఎత్తున నేర్పే బళ్ళేనని విశ్వవిద్యాలయాల వాళ్ళకే చులకన. 1959లో ఫోర్డు, కార్నెగీ సంస్థలు వేయించిన రెండు నివేదికలు ఆ మాటే గట్టిగా చెప్పి, లెక్కలు, ఆర్థికశాస్త్రం, మనస్తత్వశాస్త్రం తెచ్చి పరిశోధన చేయాలని పట్టుబట్టాయి. ఆ గాలి మన దేశానికీ తగిలింది. అహమ్మదాబాదు సంస్థ హార్వర్డు సహకారంతో, కలకత్తా సంస్థ ఎం.ఐ.టి. సహకారంతో మొదలయ్యాయి. అహమ్మదాబాదు వారు తొలిరోజుల నుంచే వ్యవసాయ వ్యాపారం మీద ఒక విభాగం నడిపారు. పాల సహకార సంఘాలకు మనుషులు కావాలని కురియన్ గారు 1979లో ఆనంద్‌లో గ్రామీణ నిర్వహణ సంస్థ పెట్టారు. సహకార శాఖలో ఉన్న మాకు ఆనంద్ అంటే తిరుపతి లెక్క. హైదరాబాదులో 2001లో ఐ.ఎస్.బి. తెరుచుకొన్నాక బిజినెస్ స్కూలు అన్న మాట మన ఇళ్ళల్లోకి కూడా వచ్చింది.

మన దగ్గర 1990ల తరువాత ఇంజనీరింగు కళాశాల ఉన్నచోటల్లా ఎం.బి.ఎ. పుట్టింది. కొన్ని చోట్ల మంచి అధ్యాపకులు, కొన్ని చోట్ల బోర్డు మాత్రమే. ఇప్పుడు విశ్వవిద్యాలయాలలో అవి స్కూళ్ళుగా విడివడ్డాయి. కె.ఎల్.లో బిజినెస్ స్కూలు, ఎస్.ఆర్.ఎం.లో పారి స్కూల్ ఆఫ్ బిజినెస్, వి.ఐ.టి.లో స్కూల్ ఆఫ్ బిజినెస్. బి.బి.ఎ. నుంచి పిహెచ్.డి. దాకా ఉన్నాయి. 2016 నుంచి కేంద్రం వారు ఎన్.ఐ.ఆర్.ఎఫ్. ర్యాంకులు ప్రకటిస్తున్నారు. మొత్తం 100లో 30 పాళ్ళు పరిశోధనకే వేస్తారు. అందుచేత పరిశోధన ఇప్పుడు గొప్ప కోసం కాదు, బతుకుతెరువు కోసం కూడా.

అభ్యంతరాలు

ఆడిటరు అభ్యంతరాలు రాయకపోతే జీతానికి ద్రోహం. నావి నాలుగు.

మొదటిది ఫీజు. అర ఎకరం అమ్మే రోజులు పోయాయి, నిజమే. ఇప్పుడు రసీదు కూడా ఇస్తారు, కంప్యూటరులోనే వస్తుంది. కాని ఆ రసీదు మీది అంకె చూసి మనబోటివాళ్ళ గుండె ఆగినంత పని అవుతుంది. మనలో ఎంతమంది కమ్యుటేషను డబ్బులు, ప్రావిడెంటు ఫండు మనుమల ఫీజుకు పోయాయో మనకు తెలుసు. ప్రతిభ ఉన్న పేదపిల్లలకు స్కాలర్‌షిప్పులు ఉన్నాయంటారు. ఉన్నమాట నిజమే, చాలినన్ని అనలేను.

రెండవది లెక్కింపు. పరిశోధనను పత్రాల సంఖ్యతో కొలవడం మొదలైతే పత్రాలు పెరుగుతాయి, పరిశోధన పెరుగుతుందో లేదో చెప్పలేము. మా శాఖలో కూడా నెలకు ఇన్ని సంఘాలు తనిఖీ చేయాలని టార్గెట్లు పెట్టిన ఏడాది నివేదికలు దొంతర్లుగా వచ్చాయి. వాటిలో ఎన్నింటిని పుస్తకాలు తెరవకుండా రాశారో నాకు తెలుసు.

మూడవది అధ్యాపకుడు. ఆయన మీద పాఠాల భారం, అడ్మిషన్ల భారం వేసి, ఆపైన పరిశోధన కూడా చెయ్యమంటే కుదరదు. చెరువులో నీరు ఒకటే, తూములు నాలుగు అయితే చివరి పొలానికి తడి అందదు.

నాలుగవది ముఖ్యమైనది. మన బిజినెస్ స్కూళ్ళు ఎవరి వ్యాపారాన్ని చదువుతున్నాయి? అమెరికా కంపెనీల కేసులు చదవవద్దని నేను అనను. కాని ఇంత డెల్టా ఉంది. కౌలు రైతుకు అప్పు ఎందుకు పుట్టదు? చిట్టినగర్ పాల ఫ్యాక్టరీకి ఊరూరి నుంచి పాలు చేరే పద్ధతి ఎలా నిలబడింది? 1995లో పరస్పర సహాయ సహకార చట్టం వచ్చాక ఏ సంఘం బాగుపడింది, ఏది మునిగింది, ఎందుకని? వీటి మీద నేనే వందల పేజీల ఆడిట్ నివేదికలు రాశాను. అవి బీరువాల్లో చెదలకు ఆహారమయ్యాయి. ఎందుకు మునిగిందో రాసే గడి మా ఫారంలో లేదు. ఎంత మునిగిందో రాసే గడి మాత్రమే ఉంది. ఆ "ఎందుకు" అన్నదే పరిశోధన అని నాకు ఈ వయసులో మా మనుమరాలి వల్ల అర్థమైంది.

ఆటోనగర్‌లో ఒక మధ్యాహ్నం

ఇక ఆ అమ్మాయి అడిగిన పుస్తకాల సంగతి. ఆమె పరిశోధన ఆటోనగర్ కొట్లలో నడిచే అరువు మీద. లారీ చెడిపోయి షెడ్డుకు వస్తుంది. డ్రైవరు దగ్గర డబ్బు ఉండదు. మేస్త్రి చీటీ రాసి ఇస్తాడు, కొట్టువాడు సామాను ఇస్తాడు. లారీ ట్రిప్పు తిరిగి వచ్చాక కొంత, నెలాఖరుకు కొంత, మిగతాది దసరాకు. కాగితం లేదు, తనఖా లేదు. బ్యాంకు అప్పులు మొండి బాకీలు అవుతుంటే ఈ అరువు ఎలా వసూలవుతున్నది? ఎవరికి ఇవ్వాలో, ఎవరికి ఇవ్వకూడదో కొట్టువాడికి ఎలా తెలుస్తుంది? ఇదీ ఆమె ప్రశ్న.

ముందు ఆమె ఇంగ్లీషులో అచ్చువేసిన ప్రశ్నల కాగితం తెచ్చింది. మా తమ్ముడు కళ్ళజోడు పెట్టుకొని చూసి, "అమ్మలూ, దీనిలో నేను అయిదుకు ఎంత నమ్ముతానో అంకె వెయ్యమన్నారు. నమ్మకానికి అంకె ఏమిటే?" అన్నాడు. ఆమె నవ్వి కాగితం మడిచి, "సరే చినతాతయ్యా, మీకు తోచినట్టే చెప్పండి" అన్నది. ఆ మధ్యాహ్నం మూడు గంటలు చెప్పాడు. చేబదులుకు, తవణాకు తేడా చెప్పాడు. ఏ మేస్త్రి మాట మీద ఎంతవరకు ఇవ్వవచ్చో, అప్పు ఎగవేసిన లారీ నంబరు సాయంత్రానికల్లా వీధి అంతా ఎలా పాకుతుందో చెప్పాడు. బాకీ తీరక ముందే ఓనరు చనిపోతే, ఆ ఇంటికి వెళ్ళి అడగకూడదన్న కట్టుబాటు తాను ఎందుకు పెట్టుకొన్నాడో చెప్పాడు. నేను అన్నగా, ఆడిటరుగా ఇన్నేళ్ళు ఆ కొట్టుకు వెళ్ళివస్తూ ఒక్కనాడూ ఇవి అడగలేదు. వాడి లెక్కలు సరిపోయాయా లేదా అనే చూశాను.

చివరికి అటక మీది నుంచి మూడు ఆవర్జాలు దింపాడు. 1986 నుంచి 1994 దాకా. అట్టలు ఎలుకలు కొట్టినా లోపల అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పేర్లు బయటపెట్టకుండా వాడుకొంటానని ఆమె హామీ ఇచ్చింది. పుస్తకాలు సంచిలో సర్దుతుంటే మా తమ్ముడు నా వైపు చూస్తూ అన్నాడు.

"అన్నయ్యా, అప్పుడు నేను వెళ్ళలేకపోయిన కాలేజీ ఇప్పుడు నా కొట్టుకే వచ్చింది. చూశావా?"

నాకు ఏం జవాబు చెప్పాలో తెలియలేదు. మా మనుమరాలు మాత్రం బ్యాగులోంచి విశ్వవిద్యాలయం పేరు అచ్చువేసి ఉన్న కాగితం తీసి, నింపి, సంతకం చేసి వాడి చేతికి ఇచ్చింది. "ఆవర్జా పుస్తకములు 3, పరిశోధన నిమిత్తం తీసుకొనడమైనది, ఆరు మాసములలో తిరిగి ఇవ్వబడును." వాడు రెండుసార్లు చదువుకొని, నాకు చూపించి, గల్లాపెట్టెలో పెట్టుకొన్నాడు. ఇప్పటికీ అక్కడే ఉంది.

ముగింపు నిల్వ

లెక్క ముగించాలి. 1926లో వచ్చి 1930లో వెళ్ళిపోయినది తిరిగి వచ్చింది. వచ్చిన దారిలో రసీదు లేని డబ్బు కొంత ఉంది, నిజమైన దానం చాలా ఉంది. అభ్యంతరాలు కొన్ని అలాగే నిలిచి ఉన్నాయి. భవనాలు, ర్యాంకులు, కంప్యూటర్లు జమ కింద చూపుతున్నారు. నా దృష్టిలో అసలు జమ వేరే. మన ఊరి మనిషి దగ్గర, మన భాషలో, మన కొట్టులో ఉన్న తెలివిని అడిగి తెలుసుకొనే పిల్ల ఒక్కతె అయినా అక్కడ తయారైతే, ఆ విశ్వవిద్యాలయం మన ఖాతాలో చేరినట్టే. అలాంటివాళ్ళు ఎంతమంది తయారవుతారన్న దాని మీద ఆ సంస్థల విలువ ఉంటుంది.

సభ్యులకు ఒక విన్నపం. మనలో రెవెన్యూ వాళ్ళు, ఇరిగేషను వాళ్ళు, వాణిజ్య పన్నుల వాళ్ళు, మార్కెట్ యార్డుల వాళ్ళు, ఆర్టీసీ వాళ్ళు ఉన్నారు. ఏ కాలవ ఎందుకు ఎండిందో, ఏ మిల్లు ఎందుకు మూతపడిందో మన తలల్లో ఉన్నంత ఏ పుస్తకంలోనూ లేదు. ఈ పిల్లలు వచ్చి అడిగితే "మాకేం తెలుసమ్మా" అనకండి. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి చెప్పండి. పాత డైరీలు, నోటుపుస్తకాలు ఉంటే చూపండి, కాగితాల దుకాణానికి వేయకండి.

ఇస్తే మాత్రం రసీదు తీసుకోండి.

సెలవు.

— సహకార శాఖ విశ్రాంత ఆడిటరు, పటమట